పొట్టలో నాలుగు పొరలు

హైదరాబాద్‌లోని నిజాంపేట క్రాస్‌రోడ్స్ నుంచి బాచుపల్లి దాకా రోడ్డుకు రెండు పక్కలా బోర్డులు చదువుకుంటూ వెళ్తే ఇక్కడ ఎవరుంటారో ఇట్టే తెలిసిపోతుంది. హాస్టళ్లు, కర్రీ పాయింట్లు, ప్లేస్కూళ్లు, జిమ్ములు, వాటి మధ్య స్కిన్, హెయిర్, స్లిమ్మింగ్ క్లినిక్‌లు. 2019లో మున్సిపల్ కార్పొరేషన్ అయ్యేదాకా నిజాంపేట పంచాయతీయే. హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు ఇక్కడ ఫ్లాట్లు కొనుక్కుని కాపురాలు పెట్టడంతో ఊరు నగరంలో కలిసిపోయింది. పొద్దున క్యాబ్ ఎక్కి, రోజంతా కుర్చీలో కూర్చుని, రాత్రి అమెరికా వాళ్లతో కాల్ ముగిశాక భోంచేసే జీవితం వాళ్లది. ముప్పై ఐదేళ్లు వచ్చేసరికి చొక్కా గుండీ దగ్గర బిగుతు మొదలవుతుంది. అప్పుడు ఫోన్‌లో ఒక ప్రకటన కనిపిస్తుంది: కోత లేదు, కుట్లు లేవు, లంచ్ బ్రేక్‌లో అయిపోతుంది.

క్లినిక్‌కు వెళ్తే రెండు దారులు చూపిస్తారు. ఒకటి కొవ్వును చలితో చంపే పద్ధతి, జనం నోట ఫ్యాట్ ఫ్రీజింగ్. రెండోది అయస్కాంత శక్తితో కండను బలవంతంగా బిగించి వదిలే పద్ధతి, మజిల్ టోనింగ్ అంటారు. “ఏది తీసుకోమంటారు?” అని అడిగితే కౌన్సెలర్ చాలాసార్లు రెండూ కలిపిన ప్యాకేజీనే ముందు పెడతారు, ఈఎంఐతో సహా. నాకు ఈ విషయం మీద గట్టి అభిప్రాయమే ఉంది. పొట్ట ఏ పొర వల్ల పెరిగిందో తెలియకుండా ఈ రెండింటిలో ఏది ఎంచుకున్నా డబ్బు చీకట్లో పెట్టినట్టే. ఆ పొరేదో తెలుసుకోవడానికి ముందుగా పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది.

అద్దం ముందు నిలబడి, బొడ్డుకు రెండంగుళాల పక్కన చర్మాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకోండి. వేళ్ల మధ్యకు వచ్చింది మొదటి రెండు పొరలు: చర్మం, దాన్ని అంటుకుని ఉన్న కొవ్వు. మడత కాబట్టి రెండింతలుగా చేతికి వస్తుంది. మడత వదలకుండా ఇప్పుడు పొట్ట బిగించండి. వేళ్లలో ఉన్నది మెత్తగానే ఉంటుంది, దాని వెనక ఏదో గోడలా గట్టిపడుతుంది. ఆ గోడ మూడో పొర, కండ. నాలుగో పొర గోడకు అవతల ఉంది. పేగుల చుట్టూ, వాటి మీద తెరలా వేలాడే పొరలో పేరుకునే కొవ్వు అది. డాక్టర్లు విసరల్ ఫ్యాట్ అంటారు. దాన్ని వేళ్లతో పట్టుకోవడం ఎవరివల్లా కాదు. మడత పలచగా ఉండి, పొట్ట మాత్రం గుండ్రంగా, గట్టిగా ముందుకు వచ్చి, వెల్లకిలా పడుకున్నా పెద్దగా అణగకపోతే అనుమానం ఆ నాలుగో పొర మీద పెట్టుకోవాలి. మడత చేతినిండా వచ్చి, పడుకుంటే పక్కలకు జారిపోతే అది రెండో పొర. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. వాటాలు మాత్రం మనిషి మనిషికీ మారతాయి.

ఈ వాటాలే అసలు సంగతి. చలి మెషీన్ రెండో పొరను మాత్రమే తాకుతుంది. అయస్కాంత మెషీన్ మూడో పొర కోసం తయారైంది. నాలుగో పొరను ఆ రెండింటిలో ఏదీ తాకదు.

సైబరాబాద్ ఉద్యోగుల పొట్టల్లో ఎక్కువగా ఉన్నది ఏ పొర? దీనికి దగ్గరగా వెళ్లే ఆధారం మన ఊళ్లోనే ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు, గచ్చిబౌలి ఏఐజీ హాస్పిటల్ కాలేయ నిపుణులు కలిసి హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి, ఫలితాలను 2025లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో ప్రచురించారు. వాళ్లలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు చేరింది. 71 శాతం మంది స్థూలకాయులు. 34 శాతం మందికి మెటబాలిక్ సిండ్రోమ్ ఉంది, అంటే నడుము చుట్టుకొలత, బీపీ, షుగర్, రక్తంలో కొవ్వులు వీటిలో కనీసం మూడు గీత దాటాయి. 345 మందిని చూసి లక్షల మంది గురించి తీర్పు చెప్పలేం, నిజమే. కానీ కాలేయంలో కొవ్వు చేరిందంటే కొవ్వు చర్మం కింద ఆగకుండా లోపలికి పోతోందని అర్థం. నిజాంపేట అపార్ట్‌మెంట్లలో ఉండే మనుషులు సరిగ్గా ఈ కోవకు చెందినవాళ్లే.

మన దేశస్థుల ఒంట్లో ఈ తీరు కొత్తదేమీ కాదు. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ 2004లో ‘లాన్సెట్’ పత్రికలో పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫొటో వేశారు. ఇద్దరి బాడీ మాస్ ఇండెక్స్ ఒక్కటే, 22.3. ఇద్దరూ సన్నగానే కనిపిస్తారు. శరీరంలో కొవ్వు శాతం మాత్రం యుడ్కిన్‌కు 9.1, యాజ్ఞిక్‌కు 21.2. బరువుకూ ఎత్తుకూ అదే నిష్పత్తి, కానీ భారతీయుడి ఒంట్లో కండ తక్కువ, కొవ్వు రెట్టింపుకు పైన. అందుకే మన వాళ్లకు నడుము కొలత హద్దు కూడా తక్కువే పెట్టారు: మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80. టేపు ప్యాంటు బెల్టు దగ్గర పెట్టకూడదు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యన పెట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చూడాలి. బెల్టు పొట్ట కిందికి జారుతుంది కాబట్టి ‘నా సైజు ఇంకా 34 అంగుళాలే’ అనుకునేవాళ్లు చాలామంది మోసపోతున్నారు.

చర్మం కింది కొవ్వు తీసేస్తే లోపలి ఆరోగ్యం బాగుపడుతుందా? ఈ ప్రశ్నను అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో శామ్యూల్ క్లైన్ బృందం నేరుగా పరీక్షించింది. 15 మంది స్థూలకాయ మహిళలకు లైపోసక్షన్ ద్వారా ఒక్కొక్కరి నుంచి సగటున దాదాపు పది కిలోల కొవ్వు తీశారు. పది పన్నెండు వారాల తర్వాత చూస్తే ఇన్సులిన్ పనితీరు, బీపీ, కొలెస్టరాల్ ఎక్కడివక్కడే ఉన్నాయి. 2004లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వచ్చిన ఈ ఫలితాన్ని నేను ఈ రంగంలో అన్నిటికంటే ముఖ్యమైనదిగా చూస్తాను. పది కిలోలు తీసినా మారనిది, చలి మెషీన్ తీసే గ్రాములతో మారదు. కాబట్టి ఈ చికిత్సలు ఆకారం కోసం మాత్రమే. ఆకారం కోసం ఖర్చు పెట్టుకోవడం తప్పని నేననను. పెళ్లిలో చీర కట్టుకున్నప్పుడు నడుము మడత గురించి పడే బాధ నిజమైన బాధే. షుగర్ తగ్గుతుందని, ఫ్యాటీ లివర్ పోతుందని నమ్మించి అమ్మడం మాత్రం తప్పు.

కోత లేని పద్ధతుల మీద తెలుగువాళ్లకు ఆశ పెరగడానికి కోత మీదున్న భయం ఒక కారణం. ‘నువ్వు నాకు నచ్చావ్’ కథానాయిక ఆర్తి అగర్వాల్ 2015 జూన్ 6న న్యూజెర్సీలో 31 ఏళ్ల వయసులో చనిపోయింది. అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకుందని పత్రికలన్నీ రాశాయి. శస్త్రచికిత్స వల్లే మరణం సంభవించిందని తీర్పు చెప్పడం మన పని కాదు. కానీ ఆ వార్త చదివిన చాలా ఇళ్లల్లో లైపోసక్షన్ అన్న మాటే భయంగా మిగిలిపోయింది. సూది, మత్తు, కత్తి లేని మెషీన్ వచ్చిందంటే ఊపిరి పీల్చుకున్నది అందుకే.

ఆ చలి మెషీన్ వెనక కథ పిల్లల పుల్ల ఐస్‌తో మొదలవుతుంది. 1970లో అమెరికా డాక్టర్లు ఒక వింత గమనించి రాశారు: ఐస్ చప్పరించిన పసిపిల్ల బుగ్గలో లోపల గడ్డలా వాచి, తర్వాత మెల్లగా మానింది. చర్మానికి ఏమీ కాలేదు, దెబ్బ తిన్నది దాని కింది కొవ్వు. మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో పనిచేసే డీటర్ మాన్‌స్టీన్, రాక్స్ ఆండర్సన్ ఈ గమనికను పట్టుకుని పందుల మీద ప్రయోగాలు చేసి 2008లో ఫలితాలు ప్రచురించారు. దాని ఆధారంగా జెల్టిక్ అనే కంపెనీ తయారుచేసిన కూల్‌స్కల్ప్టింగ్ మెషీన్‌కు అమెరికా ఎఫ్‌డీఏ 2010లో నడుము పక్క మడతలకు, 2012లో పొట్టకు అనుమతి ఇచ్చింది.

కొవ్వు ముందు చచ్చి చర్మం బతకడం ఎలా సాధ్యం? సంక్రాంతి రోజుల్లో వంటింట్లో నెయ్యి పేరుకుపోతుంది, పక్కనే చెంబులో నీళ్లు మాత్రం గడ్డకట్టవు. చర్మకణాల్లో ఎక్కువగా ఉన్నది నీరు, కొవ్వుకణాల్లో ఉన్నది నూనె లాంటి పదార్థం. గడ్డకట్టే స్థితికి నీరు చేరకముందే కొవ్వుకణం లోపల స్ఫటికాలు ఏర్పడి అది దెబ్బ తింటుంది. అది అప్పటికప్పుడు పగిలిపోదు. లోపలి నుంచి తన మరణానికి తానే ఏర్పాటు చేసుకుంటుంది. తర్వాత తెల్లరక్తకణాల్లో ఒక రకానివి అక్కడికి చేరి రెండు మూడు నెలలపాటు ఆ శిథిలాలను కొద్దికొద్దిగా తొలగిస్తాయి. మెషీన్ కింద గడిపేది ముప్పై ఐదు నిమిషాలో గంటో అయినా, ఫలితం కనిపించేది నెలల తర్వాత. వారంలో తేడా చూపిస్తామన్న మాట వినిపిస్తే ఆ కుర్చీలోంచి లేచి రావచ్చు.

చికిత్స జరిగే తీరు ఇది. జెల్ పూసిన పల్చటి గుడ్డను పొట్ట మీద పరుస్తారు. ఒక కప్పు పెడితే అది మడతను లోపలికి పీల్చుకుంటుంది. మొదటి కొన్ని నిమిషాలు మంట, లాగినట్టు నొప్పి. తర్వాత ఆ భాగం మొద్దుబారుతుంది. కప్పు తీసేసరికి మడత గట్టిగా, ఎర్రగా, కప్పు ఆకారంలోనే నిలబడి ఉంటుంది. దాన్ని రెండు నిమిషాలు చేత్తో పిసుకుతారు. చాలామందికి అన్నిటికంటే బాధగా ఉండేది ఆ రెండు నిమిషాలే. మొద్దుతనం కొన్ని వారాలు ఉండొచ్చు.

ఎంత తగ్గుతుంది? కప్పు పడిన చోట కొవ్వు పొర మందంలో సుమారు 20 నుంచి 25 శాతం. దీన్ని గ్రాముల్లోకి మార్చి చూద్దాం. కప్పు కిందకు వచ్చిన చోటు 15 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు అనుకుందాం. కొవ్వు 3 సెంటీమీటర్ల మందం. మొత్తం 450 ఘన సెంటీమీటర్లు, కొవ్వు నీటికంటే తేలిక కాబట్టి బరువు 405 గ్రాములు. అందులో నాలుగో వంతు పోతే దాదాపు 100 గ్రాములు. అదీ మూడు నెలల్లో. నాలుగు చోట్ల కప్పు పెట్టినా అరకిలో దాటదు. ఈ లెక్క చేతిలో పెట్టుకుంటే 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇచ్చిన ఉత్తర్వు బాగా అర్థమవుతుంది. ఒక్క సెషన్‌లో 600 గ్రాములు, 7 సెంటీమీటర్లు తగ్గిస్తామని ప్రచారం చేసిన వీఎల్‌సీసీ సంస్థకు ఆ ఉత్తర్వు 3 లక్షల రూపాయల జరిమానా వేసింది. ఈ మెషీన్ బరువు తగ్గించే చికిత్స కాదని, బాడీ మాస్ ఇండెక్స్ 30 లోపున్నవాళ్లలో అక్కడక్కడా ఉబ్బిన కొవ్వుకు మాత్రమే అనుమతి ఉందని సంస్థ తేల్చింది. అమెరికా అనుమతి కోసం చూపిన పరీక్షల్లో పాల్గొన్న 57 మందిలో భారతీయులు గానీ ఇతర ఆసియా వాసులు గానీ లేరని కూడా ఉత్తర్వులో రాసింది. నా దృష్టిలో జరిమానా మొత్తం కన్నా ఆ చివరి వాక్యానికే విలువ ఎక్కువ. యాజ్ఞిక్ ఫొటో చూసినవాళ్లకు మన ఒళ్లు వేరే తీరుగా ఉంటుందని తెలుసు. మన ఒంటి మీద చేసిన పరీక్ష ఏదని అడిగే హక్కు మనకుంది.

ఇక అపాయం. కొందరిలో, కప్పు పెట్టిన చోట కొవ్వు తగ్గకపోగా కొన్ని నెలల్లో గట్టిపడి, కప్పు ఆకారంలోనే పెరుగుతుంది. 2014లో దీన్ని మొదటిసారి వైద్యపత్రికలో వర్ణించారు. అప్పట్లో 20 వేల చికిత్సలకు ఒకటని అంచనా. తర్వాత వచ్చిన అధ్యయనాలు అంతకంటే చాలా ఎక్కువసార్లు కనిపిస్తోందని చెప్పాయి. మగవాళ్లలో ఎక్కువ. అది తనంతట తాను కరగదు, వ్యాయామానికీ లొంగదు. చివరికి లైపోసక్షనో మరో శస్త్రచికిత్సో చేయాల్సిందే, అంటే దేనికి భయపడి మెషీన్ దగ్గరకు వచ్చారో దానికే వెళ్లాలి. కెనడాకు చెందిన సూపర్ మోడల్ లిండా ఎవాంజెలిస్టా 2021 సెప్టెంబరులో తనకు ఇలా జరిగిందని బయటపెట్టి దావా వేసింది. మరుసటి ఏడాది రాజీ కుదిరింది. చలికి రక్తంలో గడ్డలు కట్టే అరుదైన జబ్బులున్నవాళ్లు, బొడ్డు దగ్గర హెర్నియా ఉన్నవాళ్లు ఈ కప్పు జోలికి వెళ్లకూడదు.

చలికి బదులు లేజర్, రేడియో తరంగాలు, అల్ట్రాసౌండ్‌తో వేడి పుట్టించి కొవ్వు కణాలను చంపే మెషీన్లూ ఉన్నాయి. పొర అదే, ఫలితం కూడా కాస్త అటూ ఇటూగా అంతే. కొవ్వు కరిగించే ఇంజెక్షన్ సంగతి వేరు. దానికి అమెరికా ఎఫ్‌డీఏ 2015లో ఇచ్చిన అనుమతి గడ్డం కింది మడతకు మాత్రమే. పొట్టకు పొడుస్తామంటే ఒప్పుకోవద్దు.

అయస్కాంత మెషీన్ మూలసూత్రం 1831 నాటిది. మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం దగ్గర్లో ఉన్న తీగలో కరెంటు పుట్టిస్తుందని ఆ ఏడాది మైకేల్ ఫారడే కనిపెట్టాడు. మన ఒంట్లో ఆ తీగ పాత్ర నరానిది. పొట్ట మీద పెట్టిన కాయిల్‌లో కరెంటు వేగంగా మారుతుంటే కండకు వెళ్లే నరాల్లో విద్యుత్తు పుట్టి, మనం తలచుకోకుండానే కండ బిగుస్తుంది. చెక్ మూలాలున్న బీటీఎల్ కంపెనీ ఎమ్‌స్కల్ప్ట్ పేరుతో దీన్ని తెచ్చింది. 2018లో అమెరికా అనుమతి వచ్చింది. అరగంటలో 20 వేల సార్లు కండ బిగుస్తుందని కంపెనీ చెబుతుంది. రెండు వారాల్లో నాలుగు సార్లు కూర్చోవడం మామూలు పద్ధతి. పొట్ట మీద బెల్టు బిగించి మెషీన్ ఆన్ చేస్తే పొట్ట మనది కానట్టు తనంతట తాను గట్టిపడుతుంది, కొన్ని క్షణాల తర్వాత వదులుతుంది, మధ్యమధ్య టకటకా తట్టినట్టు అదురుతుంది. మర్నాడు జిమ్‌లో తొలిరోజు చేసినట్టు నొప్పి.

ఎమ్మారై తీసి కొలిచిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. 22 మందిలో రెండు నెలలకు పొట్ట ముందు కండ మందం సగటున 15 శాతం పెరిగిందని, కొవ్వు పొర 19 శాతం దాకా తగ్గిందని రాశారు. శాతాల్లో చూస్తే పెద్దగా అనిపిస్తుంది. ఆ కండ మందం సుమారు సెంటీమీటరు. అందులో 15 శాతం అంటే ఒకటిన్నర మిల్లీమీటరు. కొవ్వు పొర పలచగా ఉన్నవాళ్లకు ఆ ఒకటిన్నర మిల్లీమీటరు, దాంతో వచ్చే బిగువు పైకి తెలుస్తాయి. నాలుగు సెంటీమీటర్ల కొవ్వు కింద ఉంటే ఎవరికీ తెలియదు. పైగా కాయిల్ నుంచి దూరం పెరిగేకొద్దీ క్షేత్రం బలహీనపడుతుంది, మందపాటి కొవ్వు దాటి కండను చేరే శక్తి తక్కువ. పెరిగిన కండ కూడా వాడకపోతే కరిగిపోతుంది. అందుకే క్లినిక్‌లు కొన్ని నెలలకోసారి మళ్లీ రమ్మంటాయి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, ఆ భాగంలో లోహపు ప్లేట్లు, స్క్రూలు ఉన్నవాళ్లు, గర్భిణులు దీనికి దూరంగా ఉండాలి. కాపర్-టీ కూడా లోహమేనని చాలామంది ఆడవాళ్లకు తట్టదు. క్లినిక్‌లో అడగకపోయినా మనమే చెప్పాలి.

ఈ మెషీన్‌కు చేసే ప్రచారంలో ఒక మాట నాకు కష్టం కలిగిస్తుంది. కండ పెరిగితే కూర్చున్నచోటే కేలరీలు కరుగుతాయట. విశ్రాంతిగా ఉన్న కండ కిలోకు రోజుకు ఖర్చు చేసేది దాదాపు 13 కేలరీలు. టీలో వేసుకునే ఒక చెంచా చక్కెరలో అంతకంటే ఎక్కువే ఉన్నాయి. పెరిగిన ఆ ఒకటిన్నర మిల్లీమీటరు కండ బరువు కిలోలో చిన్న వంతు మాత్రమే. కండ విలువ అక్కడ లేదు. భోజనం తర్వాత రక్తంలోకి వచ్చే చక్కెరలో ఎక్కువ భాగాన్ని ఇన్సులిన్ సాయంతో లాక్కునేది కండలే. ఆ పని చేసే పెద్ద కండలు తొడల్లో, పిరుదుల్లో, వీపులో ఉన్నాయి. పొట్ట ముందు పట్టీల్లో ఉన్నది చాలా తక్కువ.

తెలంగాణ ఆడవాళ్ల విషయంలో మూడో పొరకు ఒక ప్రత్యేకమైన కథ ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు, దేశంలోనే అన్నిటికంటే ఎక్కువ. ఏ రకం కాన్పయినా గర్భంలో పొట్ట ముందు కండల పట్టీలు రెండూ పక్కలకు జరుగుతాయి. కొందరిలో అవి మళ్లీ దగ్గరకు రావు. బిడ్డకు రెండేళ్లొచ్చినా “ఎన్నో నెలమ్మా?” అని పక్కింటావిడ అడిగే పరిస్థితి. అమ్మలు, అత్తగార్లు బాలింత నడుముకు గుడ్డ బిగించి కట్టడం వెనక ఉన్న బెంగ ఇదే. ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్తే వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు ముడిపించి, “అమ్మా, తల కొంచెం పైకెత్తండి” అంటుంది. బొడ్డుకు పైనా కిందా వేళ్లు నిలువుగా దించి, రెండు పట్టీల మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూస్తుంది. రెండు వేళ్లకు మించి సందుంటే, పైకి ఉబ్బు కనిపిస్తే ఆ పొట్ట కొవ్వుది కాకపోవచ్చు. దాని మీద చలి కప్పు పెట్టించుకుంటే చేతికొచ్చే ఫలితం శూన్యం. నేను పైన చెప్పిన ఎమ్మారై అధ్యయనంలో ఈ సందు పది శాతం తగ్గిందని ఉంది కాబట్టి అయస్కాంత మెషీన్‌కు ఇక్కడ కొంత చోటుంది. కానీ ముందు ఊపిరితో కలిపి లోపలి కండలను బిగించే వ్యాయామాలు కొన్ని నెలలు చేసి చూడాలి. సందు మరీ పెద్దదైనా, హెర్నియా ఉన్నా సర్జన్ పని.

పొట్ట వ్యాయామాలు చేస్తే పొట్ట కొవ్వే కరుగుతుందన్నది ఇంకో పాత నమ్మకం. 1971లో టెన్నిస్ ఆటగాళ్ల చేతులు కొలిచారు. ఏళ్ల తరబడి రాకెట్ పట్టిన చేతికీ ఖాళీ చేతికీ చర్మం కింది కొవ్వు మందంలో తేడా లేదు. 2011లో 24 మంది మీద చేసిన పరీక్షలో ఆరు వారాల పొట్ట వ్యాయామాలు పొట్ట కొవ్వును కదిలించలేదు. ఒంట్లో కొవ్వు ఎక్కడి నుంచి ముందు తీయాలో శరీరమే తేలుస్తుంది. మన అదృష్టం ఏమిటంటే నడక, పరుగు, బరువులెత్తడం లాంటి వాటికి మొదట కదిలేవాటిలో ఆ నాలుగో పొర ఉంటుంది. బరువు తూకంలో ముల్లు కదలకపోయినా లోపలి కొవ్వు తగ్గడం అధ్యయనాల్లో కనిపించింది. ఒంటి బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే ఫ్యాటీ లివర్‌లో వాపు తగ్గుతుంది. 80 కిలోల మనిషికి అది ఆరు నుంచి ఎనిమిది కిలోలు.

ప్రగతినగర్‌లో అంబీర్ చెరువు గట్టు మీద పొద్దున్నే నడిచేవాళ్లను చూస్తే నాకు సంతోషమే, కానీ వాళ్లలో ఎక్కువమంది అక్కడితో ఆగిపోతారు. నడక ఒక్కటే కండను నిలబెట్టదు. తాతల కాలంలో తాలింఖానాల్లో తీసిన దండీలు, బస్కీలు ఇప్పుడు జిమ్‌లో పుషప్స్, స్క్వాట్స్. వారానికి రెండు మూడుసార్లు తొడలకు, వీపుకు, ఛాతీకి పని పెడితే చాలు. మాంసకృత్తులు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలని ఐసీఎంఆర్ 2020 ప్రమాణం. కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకునే భోజనంలో అన్నం కుప్పగా, పప్పు పల్చగా ఉంటే ఆ లెక్క కుదరదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో కండ కోసం ప్రోటీన్ డబ్బాలు వద్దని చెప్పింది. పప్పులు, గుడ్లు, పాలు, చేపలతోనే ఆ అవసరం తీరుతుంది. 2025 నుంచి మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు మన దేశంలో దొరుకుతున్నాయి. వాటితో బరువు దిగేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే దిగే బరువులో కొంత భాగం కండే. అసలే కండ తక్కువగా పుట్టిన జాతి మనది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తే, ఎంపిక చాలామంది అనుకునేంత కష్టం కాదు. బరువు హద్దుల్లోనే ఉండి, వ్యాయామం అలవాటుండి, నడుము పక్కనో బొడ్డు కిందో పట్టుకుంటే చేతికొచ్చే మొండి మడత ఒకటి మిగిలినవాళ్లకు చలి పద్ధతి పనికొస్తుంది. తగ్గేది నాలుగో వంతేనని, అరుదైన అపాయం ఒకటుందని ఒప్పుకుని వెళ్లాలి. మడత పలచగా ఉండి, పొట్ట వదులుగా, బిగువు లేకుండా ఉన్నవాళ్లు, ముఖ్యంగా కాన్పు తర్వాతి ఆడవాళ్లు, అయస్కాంత పద్ధతి గురించి ఆలోచించవచ్చు, వ్యాయామానికి తోడుగా. నడుము 90 దాటి, మడత పలచగా, పొట్ట గట్టిగా ఉన్న సైబరాబాద్ మగవాడికి రెండూ దండగ. అతను క్లినిక్‌కు కట్టే అడ్వాన్సుతో కాలేయం అల్ట్రాసౌండ్, మూడు నెలల సగటు షుగర్ పరీక్ష, లిపిడ్ ప్రొఫైల్ చేయించుకుని ఫిజీషియన్‌ను కలిస్తే ఆ డబ్బుకు న్యాయం జరుగుతుంది.

చేయించుకోవాలనే నిర్ణయించుకున్నవాళ్లు కొన్ని సంగతులు రాతపూర్వకంగా తీసుకోవాలి. మెషీన్ మీద ఉన్న కంపెనీ పేరు, మోడల్ ఒకటి, ఎందుకంటే ఫ్యాట్ ఫ్రీజింగ్ అనే పేరు కింద రకరకాల నకళ్లు తిరుగుతున్నాయి. వాటిలో చలి అదుపు సరిగా లేకపోతే చర్మం కాలినట్టు కమిలిపోతుంది. చికిత్స చేసేది ఎవరు, పర్యవేక్షించే డాక్టరు తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టరయ్యారా అన్నది మరొకటి. చెప్పిన ధర మనిషికా, కప్పుకా అని తప్పక అడగాలి. కప్పుకు అయితే పొట్టకు ఎన్ని కప్పులో ముందే రాయించుకోవాలి. సంతకం పెట్టమనే కాగితంలో కొవ్వు తిరిగి గట్టిగా పెరిగే అపాయం గురించి ఒక్క వాక్యమైనా లేకపోతే సంతకం పెట్టొద్దు. ముందు ఫొటో, తర్వాతి ఫొటో ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి, ఊపిరి వదిలి తీయించుకోవాలి. ఇంట్లో మనమే టేపుతో కొలిచి తేదీ వేసి పెట్టుకోవాలి. మూడు నెలల తర్వాత చెప్పిన ఫలితం రాక, డబ్బు విషయంలో క్లినిక్ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. తెలుగులోనే మాట్లాడవచ్చు, ఆ కాగితాలన్నీ పక్కన పెట్టుకుని ఫోన్ చేయండి.